లోపలి అంచు అరుగుదల: ఒట్టావాలో ఒక ఎలక్ట్రిక్ కారుకు చలికాలపు టైర్ల ఎంపిక (కేస్ స్టడీ)

నేపథ్యం

కారు రెండు మోటార్ల ఆల్ వీల్ డ్రైవ్ ఎలక్ట్రిక్ క్రాసోవర్. ఖాళీ బరువు దాదాపు 2,000 కిలోలు. కంపెనీ వేసిన టైర్ల సైజు 255/40ఆర్20 (255 మి.మీ. వెడల్పు, 20 అంగుళాల రిమ్ము), లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే అంకె) 101, ఆల్ సీజన్ రకం. డోరు స్టిక్కర్ మీద నాలుగింటికీ గాలి పీడనం 42 పీఎస్‌ఐ అని ఉంది. నడిచింది 31,000 కి.మీ. ఒక చలికాలం ఆ టైర్ల మీదే గడిచింది. ఒక్కసారి కూడా టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చలేదు. ఎలక్ట్రిక్ కారుకి ఆయిల్ మార్చే పని లేదు కాబట్టి మా టైర్ల షాపుకి వచ్చే అవసరమే పడలేదు. ఈ కేసులో సగం కథ అక్కడే మొదలైంది.

యజమాని తెలుగువారు, ఒట్టావా శివార్లలో ఉంటారు. రోజూ రానూపోనూ 60 కి.మీ., అందులో ఎక్కువ భాగం 417 హైవే. డ్యూటీ తెల్లవారుజామున మొదలవుతుంది, అంటే మంచు తీసే బండి వాళ్ల వీధిలోకి రాకముందే బయల్దేరాలి. ఏడాదికి మూడు నాలుగుసార్లు 401 హైవే మీద టొరంటో ప్రయాణం, ఒక్కో వైపు 450 కి.మీ. గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కొలతలు మాత్రం జాబ్ కార్డులో ఉన్నవే.

వచ్చిన సమస్య

అక్టోబరు మధ్యలో వచ్చారు. ఫిర్యాదులు మూడు. పోయిన చలికాలం సిగ్నల్ దగ్గర కారు ఆగకుండా ముందుకు జారింది. వీధి మలుపులో స్టీరింగ్ తిప్పినా కారు తిన్నగానే పోయింది. ఒకసారి ఛార్జ్ చేస్తే వచ్చే దూరం బాగా పడిపోయింది.

ఆయన అడిగింది మాత్రం ఒకటే: “అన్నా, బయటికెల్లి చూస్తే గాడులు బానే ఉన్నయి కదా, ముందువి వెనక్కి మార్చి ఈ చలికాలం లాగించొచ్చా?”

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కారు నిలబడి ఉండగా చూస్తే కనపడేది బయటి అంచే, అది బాగానే ఉంది. చక్రం విప్పకుండా లోపలి అంచు కనపడదు. వెనక చక్రాలైతే స్టీరింగ్ తిప్పి చూసే వీలూ లేదు.

కొలతలు

లోతు కొలిచే గేజ్‌ను ఒక్కో టైరులో బయటి గాడి, మధ్య గాడి, లోపలి గాడిలో, చుట్టూ మూడేసి చోట్ల పెట్టి చూశాం. ఒకేచోట చూస్తే సరిపోదు. బ్రేకు వేసినప్పుడు ఒకేచోట గీసుకుపోయిన మచ్చ ఉంటే లెక్క తప్పుతుంది. సగటులు ఇలా వచ్చాయి:

ముందు ఎడమ: బయట 5.3, మధ్య 5.4, లోపల 5.0 మి.మీ.
ముందు కుడి: బయట 5.2, మధ్య 5.4, లోపల 4.9 మి.మీ.
వెనక ఎడమ: బయట 4.6, మధ్య 4.2, లోపల 1.9 మి.మీ.
వెనక కుడి: బయట 4.5, మధ్య 4.1, లోపల 3.3 మి.మీ.

కొత్తలో ఈ టైర్ల లోతు 7.1 మి.మీ. ఈ అంకెల్లో రెండు వేర్వేరు కథలున్నాయి, వాటిని కలిపి చదవకూడదు.

మొదటిది ముందు, వెనక టైర్ల మధ్య తేడా. ఎలక్ట్రిక్ కారులో వెనక టైర్లు ముందుగా అరగడం జబ్బు కాదు. ఈ కారు శక్తిలో ఎక్కువ పాలు వెనక మోటారుది. పెడల్ నొక్కిన క్షణంలోనే టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) అంతా వస్తుంది. కాలు తీస్తే అదే మోటారు జనరేటర్ అయి కారును ఆపుతుంది, ఆ ఆపే బలమూ ఎక్కువగా వెనక టైర్ల మీదే పడుతుంది. పెట్రోలు కారులో ముందు టైర్లు మోసే బ్రేకు భారంలో చాలా భాగం ఇక్కడ వెనక్కి వచ్చేసింది. పైన బ్యాటరీ బరువు. నెమ్మదిగా నడిపేవాళ్ల కారులోనూ ఈ తేడా కనిపిస్తుంది. విరుగుడు 10,000 కి.మీ.కి ఒకసారి, లేదా ముందు వెనకల మధ్య లోతులో తేడా 1.5 మి.మీ.కి చేరితే, స్థానాలు మార్చడం. ఇక్కడ ఆ పని జరగలేదు.

రెండోది వెనక ఎడమ టైరు లోపలి అంచు. ఒకే ఇరుసు మీద కుడివైపు 3.3 ఉంటే ఎడమవైపు 1.9 ఎందుకుంది? బరువూ టార్కూ రెండు వైపులా సమానమే. గాలి తక్కువైతే అంచులు రెండూ అరుగుతాయి, ఎక్కువైతే మధ్య అరుగుతుంది. ఒక చక్రానికి ఒకే అంచు కరిగిపోయిందంటే అనుమానం చక్రం చూసే దిక్కు మీదకే పోవాలి. అరచేతితో ట్రెడ్‌ను (నేలకు తగిలే గాడుల భాగాన్ని) అడ్డంగా రుద్దితే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా తగిలింది. టో (పైనుంచి చూస్తే చక్రం ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పిన టైరుకు అదే గుర్తు.

అలైన్‌మెంట్ యంత్రం మీద వెనక ఎడమ చక్రం 0.2 డిగ్రీలు బయటికి తిరిగి ఉంది. కాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకు వాలే కోణం) రెండు వైపులా దాదాపు మైనస్ 1.9 డిగ్రీలు, కంపెనీ ఇచ్చిన హద్దుల్లోనే. చాలామంది ఇక్కడ కాంబర్‌ను తప్పుపడతారు. పైభాగం లోపలికి వాలిన చక్రం లోపలి అంచును కొంచెం ఎక్కువ తింటుంది, నిజమే. దానికి విరుగుడుగానే కంపెనీ వెనక చక్రాలను ముందువైపు కాస్త లోపలికి తిప్పి పెడుతుంది, అది బయటి అంచుకు పని చెప్పి లెక్క సమం చేస్తుంది. ఆ చక్రం బయటికి తిరిగిపోతే రెండు తప్పులూ ఒకే అంచు మీద పడతాయి.

0.2 డిగ్రీలంటే చిన్నదనిపిస్తుంది. లెక్క వేస్తే కిలోమీటరుకు దాదాపు మూడున్నర మీటర్లు ఆ టైరు పక్కకు ఈడ్చుకుంటూ పోతున్నట్టు. పది వేల కిలోమీటర్లు తిరిగితే 35 కి.మీ. పక్కకు ఈడ్చినట్టే. అంచు ఎక్కడికి పోయిందో వేరే వెతకక్కర్లేదు.

టో ఎప్పుడు తప్పిందని అడిగితే మార్చిలో ఒక గుంతలో పడిందన్నారు. ఒట్టావాలో మంచు కరిగి మళ్లీ గడ్డకట్టే రోజుల్లో రోడ్డు పగిలి గుంతలు లేస్తాయి. ఆ రిమ్ము లోపలి పెదవి వంగి ఉంది, వారానికి ఒకటి రెండు పీఎస్‌ఐ గాలి జారుతోంది.

మూడు ఫిర్యాదుల్లో ఏది టైరుది?

మలుపులో తిన్నగా పోవడం టైరుదే. ముందు టైర్లకు లోతుంది, కానీ అవి ఆల్ సీజన్ టైర్లు. పక్క గోడ మీద ఎం+ఎస్ అని ఉంది, మూడు శిఖరాల మధ్య మంచు రవ్వ బొమ్మ లేదు. ఎం+ఎస్ అనేది గాడుల ఆకారం గురించి తయారీదారు ఇచ్చే మాట మాత్రమే, దానికి పరీక్ష లేదు. బొమ్మ ఉన్న టైరు మంచు మీద ఒక ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం రబ్బరు. దాదాపు 7 డిగ్రీల కిందకు దిగాక ఆల్ సీజన్ రబ్బరు గట్టిపడడం మొదలవుతుంది. మైనస్ 15లో రోడ్డు గరుకులోకి అది దిగలేదు.

సిగ్నల్ దగ్గర జారడంలో సగమే టైరుది. ఎప్పుడు జరిగిందని అడిగితే, ఇంటి నుంచి బయల్దేరిన మొదటి పది నిమిషాల్లోనే అన్నారు. బ్యాటరీ గడ్డకట్టినంత చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ తీసుకోలేదు, కాబట్టి కారు రీజెన్ బ్రేకును (మోటారు జనరేటర్ అయి ఆపే బలాన్ని) తగ్గించేస్తుంది. ఒకే పెడల్‌తో నడపడానికి అలవాటుపడ్డ కాలు, కారు తనంతట ఆగుతుందనుకుని బ్రేకు మీదికి ఆలస్యంగా వెళ్తుంది. దీనికి టైరు మార్చి లాభం లేదు. బయల్దేరే ముందు ప్లగ్‌లో ఉండగానే బ్యాటరీని వేడి చేసుకోవాలి, మొదటి కొన్ని కిలోమీటర్లు కాలు బ్రేకు మీద సిద్ధంగా ఉండాలి. ఈ మాట చెప్పకుండా టైర్లు అమ్మితే డిసెంబరులో ఆయన అదే ఫిర్యాదుతో తిరిగొస్తారు.

దూరం తగ్గడంలో పెద్ద వాటా క్యాబిన్ హీటరుది, చల్లబడ్డ బ్యాటరీది. టైరు వాటా ఉంది కానీ చిన్నది. అది గాలి గురించి రాసేచోట వస్తుంది.

ఎంపిక ఎలా జరిగింది

టైర్లు అటూ ఇటూ మార్చి లాగించడం కుదరదన్నాం. 1.9 మి.మీ. అంచును ముందుకు తెస్తే, అరుగుదల గుర్తు 1.6 దగ్గర ఉన్న టైరుతో స్టీరింగ్ తిప్పబోతున్నాం. మంచులో పట్టు ఎక్కువగా వచ్చేది గాడిలో నొక్కుకున్న మంచు, నేల మీద మంచును పట్టుకోవడం వల్ల. గాడి లోతు పోతే ఆ పట్టూ పోతుంది. అందుకే మంచు రోడ్డుకు 4 మి.మీ. కంటే తక్కువ ఉన్న టైరు వద్దంటుంది ట్రాన్స్‌పోర్ట్ కెనడా. ఆ లెక్కన వెనక టైర్ల అంచులు రెండూ తప్పాయి.

రెండే చలికాలపు టైర్లు కొందామన్నది ఆయన రెండో ఆలోచన. ముందు రెండే వేస్తే బ్రేకు వేసినప్పుడు ముందు భాగం ఆగి, వెనక భాగం తిరుగుతుంది. వెనక రెండే వేస్తే ఇప్పటిలాగే స్టీరింగ్ మాట వినదు. ఆల్ వీల్ డ్రైవ్ ఉందన్న ధైర్యం కదలడానికి పనికొస్తుంది గానీ ఆగడానికి కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. పెట్రోలు ఆల్ వీల్ డ్రైవ్ కారులో ముందు వెనక ఇరుసుల మధ్య షాఫ్టు ఉంటుంది కాబట్టి టైరు సైజులో తేడా గేర్ల మీద పడుతుందని భయపెడతారు. రెండు మోటార్ల ఈవీలో ఇరుసులను కలిపే షాఫ్టే లేదు. అందువల్ల ఇక్కడ నాలుగూ ఒకే రకం ఉండాలనడానికి కారణం గేర్లు కాదు, పట్టు సమంగా ఉండడమే. ఇది చెప్పాక ఆయన ఒప్పుకున్నారు. భయపెట్టి ఉంటే ఒప్పుకునేవారు కాదేమో.

మూడో ఆలోచన ఆన్‌లైన్‌లో ఆయన ముందే కొన్న వాడిన సెట్. 255/45ఆర్19, గాడి లోతు 6 మి.మీ. చూడ్డానికి మంచి బేరం. పక్క గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు 2316, అంటే 2016లో 23వ వారం. రబ్బరు మీద గోరు నొక్కితే గుర్తు పడట్లేదు. చలికాలపు టైరు విలువ మెత్తదనంలో ఉంది, వయసు దాన్నే తీసుకుపోతుంది. లోడ్ ఇండెక్స్ 100, ఒక్కోటీ 800 కిలోలు మోసేది. కారు అడిగింది 101, అంటే 825 కిలోలు. పైగా ఎక్స్‌ఎల్ (అదనపు బరువు మోసే గట్టి రకం) కాదు. ఈవీకి కొనేటప్పుడు జనం ముందుగా జారిపోయేది ఈ అంకె దగ్గరే. సైజు సరిపోతే చాలనుకుంటారు. మేం ఆ సెట్ వేయలేదు.

ఆల్ వెదర్ టైరు గురించి ఎక్కువసేపు మాట్లాడాం, ఎందుకంటే అది చెడ్డ ఆలోచన కాదు. మంచు రవ్వ గుర్తు ఉంటుంది, ఏడాదంతా వాడొచ్చు, మార్చే ఖర్చు లేదు. ఆయన టొరంటో మధ్యలో ఉండి, మంచు తీశాక పదింటికి బయల్దేరే మనిషైతే అదే చెప్పేవాళ్లం. కానీ ఆ గుర్తు కోసం చేసే పరీక్ష గట్టిపడిన మంచు మీద కదిలే పట్టుకు సంబంధించింది. గ్లాసులా గడ్డకట్టిన ఐస్ గురించి అది ఏమీ చెప్పదు. జులైలో 30 డిగ్రీల రోడ్డును తట్టుకోవాల్సిన రబ్బరు, జనవరి తెల్లవారుజామున మైనస్ 20లో సైప్‌లు వంచలేదు. సైప్‌లంటే ట్రెడ్ దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నని చీలికలు. ఐస్ మీద ఏర్పడే పల్చని నీటి పొరను తుడిచేది అవే. ఈయన రోడ్డు మీదికి వచ్చేది సరిగ్గా ఆ వేళకే.

మేకుల టైర్లు దక్షిణ ఒంటారియో నివాసులకు చట్టం ప్రకారం కుదరవు. నది దాటితే క్యుబెక్‌లో అనుమతి ఉంది, పైగా అక్కడ నమోదైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి. ఒంటారియోలో ఆ నిబంధన లేదు. కానీ నాలుగు చలికాలపు టైర్లు వేస్తే బీమా సంస్థ తగ్గింపు ఇవ్వాలి. ఆయనకు ఈ సంగతి తెలియదు, బిల్లు కాపీ పంపమని చెప్పాం.

మిగిలింది చలికాలపు టైర్లలోనే రెండు కులాలు. మధ్య యూరప్ తరహావి హెచ్ లేదా వి స్పీడ్ రేటింగ్‌తో వస్తాయి, తడి రోడ్డు మీద, వేగంలో గట్టిగా నిలబడతాయి. నార్డిక్ తరహావి ఆర్ లేదా టి రేటింగ్‌తో, మరింత మెత్తగా, ఐస్ కోసం తయారవుతాయి. 1934లో ఫిన్లాండ్‌లో నోకియా పట్టణపు రబ్బరు కంపెనీ లారీకి మొదటి చలికాలపు టైరు చేసిన నాటి నుంచి ఆ దేశాల లెక్క ఐస్‌తోనే. 401 మీద వేగ పరిమితి 110 దాటదు కాబట్టి టి రేటింగ్ హద్దు, గంటకు 190 కి.మీ., చాలా ఎక్కువే. నార్డిక్ తరహా ఎంచుకున్నాం. టైరు మీద “ఈవీ” అని రాసి ఉండాలని మాత్రం పట్టుబట్టలేదు. లోపల ఫోమ్ అతికించిన టైరు శబ్దం కాస్త తగ్గిస్తుంది, పంక్చర్ పడితే ఆ ఫోమ్‌ను గోకి తీయాలి. లోడ్ ఇండెక్స్ సరిగ్గా ఉంటే మామూలుదైనా చాలు.

ట్రెడ్‌వేర్ (టైరు మన్నికను పోల్చే అంకె) 500 అని ఉన్నదే కొందామని ఆయన అడిగారు. చలికాలపు టైర్లకు యూటీక్యూజీ అనే గ్రేడింగ్‌లోని ఆ అంకె ఉండదు, వాటికి మినహాయింపు ఉంది. ఆల్ సీజన్ టైరు అంకెతో దీని ఆయుష్షు పోల్చే దారే లేదు.

ఇక సైజు. 20 అంగుళాల రిమ్ములు అలాగే ఉంచి రబ్బరు మాత్రం మారిస్తే ఏటా రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించాలి. ప్రతిసారీ టైరు అంచు తీగ మీద ఒత్తిడి, ప్రతిసారీ బ్యాలెన్సింగ్. ఒక రిమ్ము ఇప్పటికే వంగింది. 255/45ఆర్19కి మారితే మొత్తం వ్యాసం 712 మి.మీ. దగ్గరే ఉంటుంది, స్పీడోమీటరు తప్పు చూపదు. పక్క గోడ ఎత్తు 102 నుంచి 115 మి.మీ.కి పెరుగుతుంది. గుంతలో పడినప్పుడు రిమ్ముకు, రోడ్డుకు మధ్య ఉండే అడ్డు అదే. 19 అంగుళాల రిమ్ములు, లోడ్ ఇండెక్స్ 104 ఎక్స్‌ఎల్ టైర్లు, ఒక్కోటీ 900 కిలోలు మోసేవి, కొన్నాం.

అయితే అంతకుముందే అలైన్‌మెంట్ చేశాం. ఈ కేసులో క్రమం తప్పితే పనంతా వృథా. టో తప్పిన ఇరుసు మీద మెత్తని చలికాలపు రబ్బరు వేస్తే ఆల్ సీజన్ కంటే వేగంగా ఆ అంచు పోతుంది. వెనక ఎడమ చక్రం సర్దుబాటు బోల్టు సడలించి, రెండు వైపులా 0.14 డిగ్రీలు లోపలికి పెట్టాం. నవంబరు మొదటి వారంలో, ఉదయాలు 7 డిగ్రీల కిందకు దిగిపోయాక, కొత్త చక్రాలు ఎక్కించాం.

పనిలో పడ్డ తప్పులు

మొదటి తప్పు నాలుగు రోజుల్లోనే బయటపడింది. గంటకు 100 కి.మీ. దాటితే స్టీరింగ్ వణుకుతోంది. బ్యాలెన్సింగ్ మళ్లీ చేశాం, తగ్గలేదు. మూడోసారి యంత్రం మీద పెట్టే బదులు చక్రం విప్పి హబ్ (ఇరుసు చివర చక్రం కూర్చునే భాగం) చూశాం. కొత్త రిమ్ము మధ్య రంధ్రం 67.1 మి.మీ., కారు హబ్ 64.1. మధ్యలో ఉండాల్సిన ప్లాస్టిక్ రింగు రెండు చక్రాలకు పెట్టలేదు. నట్లు బిగించినప్పుడు చక్రం ఒక వెంట్రుకవాసి పక్కకు కూర్చుంది. బ్యాలెన్సింగ్ యంత్రం చక్రాన్ని తన కోన్ మీద మధ్యలోనే పట్టుకుంటుంది కాబట్టి అక్కడ అంతా బాగున్నట్టే చూపిస్తుంది. రింగులు పెట్టాం. హబ్ ముఖం మీద ఉప్పు వల్ల పట్టిన తుప్పును వైర్ బ్రష్‌తో గీకాం. బోల్టు మరలకు నూనె పూయలేదు, పూస్తే టార్క్ రెంచి అబద్ధం చెబుతుంది. నక్షత్రం క్రమంలో, చక్రం నేల మీద ఉండగా 175 న్యూటన్ మీటర్లకు బిగించాం. 100 కి.మీ. తిరిగొచ్చాక మళ్లీ చూశాం.

రెండో తప్పు తీర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. డిసెంబరులో ఫోన్: హైవే మీద కారు ఊగుతోంది, లేన్ మారితే వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది, యూనిట్లు ఎక్కువ తాగుతోంది. మెత్తని ట్రెడ్ దిమ్మెలు కొత్తలో వంగుతాయి, 800 కి.మీ. తిరిగితే సర్దుకుంటుందని చెప్పాం. ఆ మాట నిజమే, ఈ కేసుకు సమాధానం మాత్రం కాదు. 1,500 కి.మీ. తర్వాతా ఊగుతూనే ఉంది.

తెల్లవారి ఆయన ఇంటి ముందు, కారు కదలకముందు గేజ్ పెట్టి చూస్తే నాలుగింటిలోనూ 35 దగ్గర. గాలి ఎక్కడా కారట్లేదు. మేం గాలి కొట్టింది షాపు లోపల, 20 డిగ్రీల దగ్గర, 42కి. బయట ఆ రోజు మైనస్ 15. గేజ్ చూపే 42కి వాతావరణ పీడనం 14.7 కలిపితే 56.7. కెల్విన్‌లో 293 నుంచి 258కి దిగితే అది 49.9 అవుతుంది. 14.7 తీసేస్తే మిగిలేది 35.2. గేజ్ చూపించింది సరిగ్గా అదే. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఎందుకు వెలగలేదంటే, సాధారణంగా అది స్టిక్కర్ అంకె కంటే 25 శాతం పడితేనే వెలుగుతుంది. 42లో ఆ హద్దు 31.5. అంటే 32 నుంచి 41 దాకా కారు ఏమీ అనదు, టైరు మాత్రం అంచుల మీద నడుస్తూ ఉంటుంది.

“పోయినసారి నైట్రోజన్ కొట్టించిన, అది తగ్గదన్నరు కదా” అని ఆయన అడిగారు. చలికి నైట్రోజన్ కూడా గాలిలాగే కుంచించుకుంటుంది. మన ఊళ్లలో పెట్రోలు బంకుల్లో అమ్మే నైట్రోజన్‌కైనా ఇదే లెక్క.

ఆ రోజే బయటి చలిలోనే 42కి సరిచేశాం. ఊగడం ఆగింది. డ్యాష్‌బోర్డు చూపే సగటు వాడకం 100 కి.మీ.కి 24 యూనిట్ల చిల్లర నుంచి 23 లోపుకి దిగింది. రెండు వారాల ఎండ, గాలి ఒకటి కావు కాబట్టి తేడా అంతా టైరుదే అని రాయలేం.

సెన్సర్ల సంగతీ ఇక్కడే. ఈ కారు బ్లూటూత్ సెన్సర్లు అడుగుతుంది. పాత రకం 433 మెగాహెర్ట్జ్‌వి పెడితే కారు వాటిని గుర్తించదు. కెనడాలో టైరు పీడన హెచ్చరిక తప్పనిసరి కాదు కాబట్టి చలికాలపు చక్రాలకు సెన్సర్లే లేకుండా అమ్మేవాళ్లున్నారు. ఈయన సెన్సర్లు పెట్టించుకున్నారు, కానీ అంకెలున్న స్క్రీను తెరిచి చూడలేదు. దీపం వెలగలేదంటే అంతా బాగుందనుకున్నారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం.

ఫలితం

ఏప్రిల్ 20న చక్రాలు విప్పాం. 9,400 కి.మీ. తిరిగాయి. కొత్తలో లోతు 8.7 మి.మీ. ఇప్పుడు ముందువి 8.0, 8.1. వెనకవి 7.5, 7.6. లోపలికీ బయటికీ తేడా ఏ టైరులోనూ 0.2 మి.మీ. దాటలేదు. వెనక టైర్లు ముందువాటికి దాదాపు రెట్టింపు అరిగాయి, అది ఈ కారు స్వభావం. ఒక వైపు అరుగుదల మాత్రం పోయింది.

వెనకే ఉంచితే 9,400 కి.మీ.కి 1.15 మి.మీ. చొప్పున 4 మి.మీ. గీతకు 38,000 కి.మీ. దగ్గర చేరతాయి. ఏటా మార్చుకుంటే నాలుగూ కలిసి 48,000 దాకా నడుస్తాయి. ఆయన వాడకానికి అది ఐదు చలికాలాలు. అప్పటికి వయసు కూడా చూడాల్సి వస్తుంది.

జారడం గురించి ఫిబ్రవరిలో అడిగాం. మలుపుల్లో బాగుంది, సిగ్నల్ దగ్గర ఒకసారి ఏబీఎస్ కొట్టింది కానీ కారు గీత లోపలే ఆగిందన్నారు. బ్యాటరీ ముందే వేడి చేసే టైమర్ పెట్టుకున్నారట. ఎంత భాగం టైరుది, ఎంత భాగం టైమర్‌ది అన్నది విడదీయలేం.

పాఠాలు, మా పనిలో మారినవి

ఈవీ వస్తే బయటి గాడి చూసి మాట చెప్పడం మానేశాం. వెనక చక్రాలు విప్పి లోపలి అంచు కొలిచాకే టైర్ల ధర చెబుతున్నాం. ఒకే ఇరుసు మీద రెండు వైపుల లోపలి అంచుల తేడా 1 మి.మీ. దాటితే అలైన్‌మెంట్ కాగితం లేకుండా కొత్త టైర్లు ఎక్కించం. ఇది అమ్మకానికి అడ్డమే. కొందరు పక్క షాపుకి పోయారు కూడా.

గాలి విషయంలో షాపు గోడ మీద ఒక చిన్న పట్టిక అంటించాం. లోపల 20 డిగ్రీలు, బయట మైనస్ 10 ఉండబోతే 42 కావాల్సిన చోట లోపల 48 కొట్టాలి. పక్క గోడ మీద రాసిన గరిష్ఠ పీడనం, ఈ టైరుకు 50, దాటకూడదు. అసలు పద్ధతి అయితే రాత్రంతా బయట నిలబడ్డ కారుకు, కదలకముందు కొట్టడమే. ఇంట్లో చిన్న కంప్రెసర్ ఉన్నవాళ్లకు అదే చెబుతున్నాం. కారు వెచ్చని గ్యారేజీలో నిద్రపోయేవాళ్లకు ఈ లెక్క మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్లు ఎప్పుడు కొలిచినా అంకె బాగానే కనపడుతుంది.

ఈవీని ఎత్తే చోటు తప్పితే బ్యాటరీ పెట్టె నొక్కుకుంటుంది. గుర్తు పెట్టిన నాలుగు చోట్ల రబ్బరు పక్ (చిన్న దిమ్మె) పెట్టి మాత్రమే జాకీ వేయాలి. రోడ్డు పక్క సాయానికి వచ్చినవాళ్లు ఇది మరచిపోతారు, అందుకే పక్ ఒకటి డిక్కీలో ఉంచుకోమన్నాం.

ఈ ఎంపికను ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్లొద్దని అడిగినవాళ్లకు చెబుతున్నాం. జర్మనీలో ఉండే మనవాళ్లకు చలికాలమంటే ఎక్కువగా సున్నా చుట్టూ తిరిగే తడి రోడ్డు, పైగా ఆటోబాన్ వేగం. అక్కడ మధ్య యూరప్ తరహా టైరే నయం, ఎం+ఎస్ మాత్రమే ఉన్నది 2024 అక్టోబరు నుంచి అక్కడ చలికాలపు టైరుగా చెల్లదు. హైదరాబాద్‌లో ఈవీ నడిపేవాళ్లకు చలికాలపు రబ్బరుతో పనే లేదు, ఎండకు అది కరిగిపోతుంది. కానీ లోపలి అంచు, వెనక టో, 10,000 కి.మీ.కి స్థానాలు మార్చడం, ఇవి అక్కడా ఇదే లెక్క. గుంతలకు ఎక్కడా కొరత లేదు కదా.

చక్రాలు ఇప్పుడు ఆయన బేస్‌మెంట్‌లో ఉన్నాయి. రిమ్ములతో సహా ఉన్నవి కాబట్టి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాం, ఇల్లు వేడిచేసే ఫర్నేసు మోటారుకు దూరంగా, ఎండ పడని మూల. మోటారు దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. ఒక్కోదాని మీద పసుపు సుద్దతో అది ఉన్న చోటు రాశాం. ఇవి ఒక దిక్కుకే తిరిగే టైర్లు, పక్క మార్చే వీలు లేదు. వచ్చే నవంబరులో “వె.ఎ.” అని రాసింది ముందు ఎడమకు, “వె.కు.” అని రాసింది ముందు కుడికి వెళ్తాయి.